థైరాయిడ్ మందగించి గుండె ఇబ్బంది పెడుతుంటే: మాత్ర ఎంత, ఎంత నెమ్మదిగా

క్లుప్తంగా: థైరాయిడ్ తక్కువగా పనిచేస్తే గుండె నెమ్మదిస్తుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి, చెడు కొలెస్ట్రాల్ పెరుగుతుంది. దీనికి మందు లెవోథైరాక్సిన్ ఒక్కటే. గుండె జబ్బు ఉన్నవారికి దాన్ని 12.5 లేదా 25 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి నెలల తరబడి మెల్లగా పెంచాలి. తొందరపడి పెంచినా, భయపడి తక్కువ మోతాదు దగ్గరే ఆగిపోయినా దెబ్బ తినేది గుండే.

ఒడిశా సరిహద్దు జిల్లాల్లో తెలుగు కుటుంబాల వైద్యం చాలాసార్లు మూడు ఊళ్ల మీద నడుస్తుంది. థైరాయిడ్ మాత్ర పర్లాకిమిడిలోనో రాయగడలోనో మొదలవుతుంది. రక్తపరీక్ష బరంపురంలో జరుగుతుంది. ఆయాసం తగ్గకపోతే గుండె డాక్టరు కోసం శ్రీకాకుళమో విశాఖో రైలెక్కుతారు. మూడు చోట్లా చూసినవారు సమర్థులే కావచ్చు, కానీ ఒకరు రాసిన చీటీ ఇంకొకరి కంట పడదు. మామూలు థైరాయిడ్ రోగికి దీనివల్ల పెద్ద ప్రమాదం లేదు. గుండె లక్షణాలు కూడా ఉన్నవారి సంగతి వేరు. వారికి మోతాదు ఎంత అన్నదాని కంటే ఆ మోతాదు మీద ఎన్ని వారాలుగా ఉన్నారన్నది ముఖ్యం, చీటీల మధ్య జారిపోయేది సరిగ్గా ఆ లెక్కే.

గుండెలో జరిగేది ఏమిటి

థైరాయిడ్ గ్రంథి ప్రధానంగా టీ4 (థైరాక్సిన్) అనే హార్మోన్‌ను విడుదల చేస్తుంది. శరీరం దాన్ని అవసరం మేరకు టీ3గా మార్చుకుంటుంది. గుండె కండరంలో పనిచేసేది ఈ టీ3. గుండె ఒకసారి ముడుచుకున్నాక మళ్లీ వదులు కావాలంటే కణంలోని కాల్షియాన్ని తిరిగి దాని అరలోకి తోడేయాలి. ఆ పని చేసే పంపు తయారీని టీ3 నడిపిస్తుంది. టీ3 తగ్గితే పంపులు తగ్గి, గుండె వదులు కావడం ఆలస్యమవుతుంది. అందుకే ఎకోలో 'డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్' అన్న మాట కనిపిస్తుంది. నాడి నిమిషానికి 60 కంటే తగ్గవచ్చు.

ఇంకోవైపు రక్తనాళాల గోడలను సడలించేదీ టీ3యే. అది తక్కువైతే నాళాలు బిగుసుకుని బీపీలో కింది అంకె పెరుగుతుంది. పై అంకె మామూలుగానే ఉండి కింది అంకె 95 దగ్గర నిలిచిపోయినప్పుడు బీపీ మాత్ర ఇంకోటి కలపడానికి ముందు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూడడం మంచిది. కాలేయం రక్తంలోంచి చెడు కొలెస్ట్రాల్‌ను లాక్కునే వేగం కూడా తగ్గుతుంది. గుండె చుట్టూ పొరలో నీరు చేరవచ్చు. అది వారాలు, నెలల మీద నిదానంగా చేరుతుంది కాబట్టి పొర సాగి సర్దుకుంటుంది, గుండెను నొక్కేసే స్థితి అరుదు.

వీటిలో చాలా భాగం వెనక్కి మళ్లేవే. 1918లో హెర్మన్ జోండెక్ అనే జర్మన్ వైద్యుడు థైరాయిడ్ లోపంతో ఉబ్బిన గుండెను వర్ణిస్తూ, థైరాయిడ్ సారం ఇచ్చాక అది మళ్లీ మామూలు పరిమాణానికి వచ్చిందని రాశాడు. మళ్లనిది ఒకటుంది. ఏళ్ల తరబడి పెరిగిన కొలెస్ట్రాల్ గుండె ధమనుల్లో కట్టిన పూడిక మాత్రతో కరగదు. చికిత్సలోని చిక్కంతా ఇక్కడే ఉంది.

నెమ్మదించాల్సిన గుండెకు దడ ఎక్కడిది

థైరాయిడ్ తక్కువైతే నాడి నెమ్మదిస్తుందంటారు, మరి దడ ఎందుకన్న ప్రశ్న తరచూ వస్తుంది. నాడి నెమ్మదిగా ఉన్నప్పుడు మధ్యలో పడే అదనపు స్పందనలు గట్టిగా తెలుస్తాయి, దడ అనిపించడానికి అదొక కారణం. రక్తహీనత ఇంకొకటి. దక్షిణ ఒడిశాలో ఇనుము లోపంతో పాటు సికిల్ సెల్ వ్యాధి కూడా ఉంది కాబట్టి దడ, ఆయాసంతో వచ్చినవారికి హిమోగ్లోబిన్ చూడకుండా నెపమంతా థైరాయిడ్ మీద వేయడం సరికాదు. శరీర రక్షణ వ్యవస్థే థైరాయిడ్ మీద దాడిచేసే హషిమోటో వ్యాధి తొలి దశలో కొందరికి గ్రంథి దెబ్బతింటూ నిల్వ ఉన్న హార్మోన్‌ను ఒక్కసారిగా వదులుతుంది. అప్పుడు కొన్ని వారాల పాటు థైరాయిడ్ ఎక్కువైన లక్షణాలే కనిపిస్తాయి.

అన్నిటికంటే ముందు అనుమానించాల్సింది మాత్ర మోతాదు మించడాన్ని. మాత్ర మొదలుపెట్టాక లేదా పెంచాక వచ్చిన దడను 'జబ్బు ముదిరింది' అనుకుని ఇంకాస్త పెంచడం పెద్ద తప్పు. టీఎస్‌హెచ్ బాగా అణిగిపోతే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే క్రమం తప్పిన స్పందన వచ్చే అవకాశం పెరుగుతుంది. 60 ఏళ్లు దాటినవారిలో టీఎస్‌హెచ్ 0.1 లేదా అంతకంటే తక్కువగా ఉన్నవారికి పదేళ్లలో ఈ ముప్పు సుమారు మూడింతలని అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం 1994లో చూపింది. ఆ స్పందన వల్ల గుండెలో రక్తం గడ్డకట్టి పక్షవాతానికి దారితీయవచ్చు.

రిపోర్టులో ఏ అంకెను నమ్మాలి

టీఎస్‌హెచ్ అనేది థైరాయిడ్‌ను పనిచేయమంటూ మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి ఇచ్చే కేక లాంటిది. థైరాయిడ్ బద్ధకిస్తే కేక పెరుగుతుంది. పెద్దల్లో సుమారు 0.4 నుంచి 4 లేదా 4.5 వరకు మామూలు. టీఎస్‌హెచ్ పెరిగి ఫ్రీ టీ4 (రక్తంలోని ప్రోటీన్లకు అంటుకోకుండా విడిగా ఉన్న టీ4) తగ్గితే లోపం స్పష్టమైనట్టే. టీఎస్‌హెచ్ మాత్రమే పెరిగి ఫ్రీ టీ4 బాగుంటే దాన్ని సబ్‌క్లినికల్ అంటారు. టీఎస్‌హెచ్ 10 దాటితే సాధారణంగా మందు ఇస్తారు. 4.5కూ 10కీ మధ్య ఉన్న పెద్ద వయసువారికి తొందర అక్కర్లేదు. 65 ఏళ్లు, ఆపైన ఉన్న 737 మందితో యూరప్‌లో జరిపి 2017లో ప్రచురించిన పరీక్షలో ఈ దశలో లెవోథైరాక్సిన్ వల్ల నీరసం గానీ ఇతర లక్షణాలు గానీ తగ్గలేదు. వయసుతో టీఎస్‌హెచ్ కొంత పెరగడం సహజం. 78 ఏళ్ల వ్యక్తికి 6 వచ్చిందని గుండె మీద భారం పెంచడం వల్ల ఒరిగేది లేదు.

రెండు రాష్ట్రాల ల్యాబుల రిపోర్టులను పక్కపక్కన పెట్టినప్పుడు ఒక గందరగోళం వస్తుంది. ఒక ల్యాబు ఫ్రీ టీ4ను డెసిలీటరుకు నానోగ్రాముల్లో 1.2 అని ఇస్తే, ఇంకో ల్యాబు లీటరుకు పీకోమోల్స్‌లో 15.4 అని ఇవ్వవచ్చు. రెండూ ఒకటే, మొదటిదాన్ని 12.87తో గుణిస్తే రెండోది వస్తుంది. అంకె ఒకేసారి పది రెట్లు పెరిగినట్టు కనిపిస్తే కంగారుపడే ముందు పక్కనున్న కొలమానం చూడాలి. మామూలు 'థైరాయిడ్ ప్రొఫైల్'లో వచ్చే మొత్తం టీ4 కూడా ఫ్రీ టీ4 కాదు. గర్భిణుల్లో, గర్భనిరోధక మాత్రలు వాడేవారిలో మొత్తం టీ4 పెరిగి కనిపిస్తుంది.

టీఎస్‌హెచ్ తప్పుదారి పట్టించే సందర్భాలు మూడున్నాయి. గుండెపోటుతోనో న్యుమోనియాతోనో ఆసుపత్రిలో ఉన్నప్పుడు తీసిన టీఎస్‌హెచ్ తగ్గవచ్చు, కోలుకునేటప్పుడు తాత్కాలికంగా 20 దాకా కూడా పెరగవచ్చు. ఆ అంకెతో జీవితకాలపు మందు మొదలుపెట్టకూడదు. ఇంటికి వచ్చాక ఆరు వారాలు ఆగి మళ్లీ చూడాలి. జుట్టు రాలడానికి వాడే బయోటిన్ మాత్రలు కొన్ని యంత్రాల్లో టీఎస్‌హెచ్‌ను తక్కువగా, టీ4ను ఎక్కువగా చూపిస్తాయి. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు అవి ఆపాలి.

మూడోది అన్నిటికంటే ప్రమాదకరం. కాన్పులో విపరీతంగా రక్తం పోయిన స్త్రీలలో పిట్యూటరీ దెబ్బతినవచ్చు, దాన్ని షీహాన్ సిండ్రోమ్ అంటారు. కేక వేయాల్సిన గ్రంథే దెబ్బతింది కాబట్టి టీఎస్‌హెచ్ మామూలుగా కనిపిస్తుంది, ఫ్రీ టీ4 మాత్రం తక్కువగా ఉంటుంది. వీరికి బీపీని నిలబెట్టే కార్టిసాల్ అనే హార్మోన్ కూడా తక్కువగా ఉండే అవకాశం ఎక్కువ. అది సరిచేయకుండా థైరాక్సిన్ ఇస్తే ఉన్న కొద్దిపాటి కార్టిసాల్ కూడా వేగంగా ఖర్చయిపోయి బీపీ పడిపోయి ప్రాణం మీదకు వస్తుంది. కాన్పు తర్వాత పాలు పడలేదు, నెలసరి మళ్లీ రాలేదు, బీపీ ఎప్పుడూ తక్కువే అన్న మాటలు వినిపిస్తే ఉదయం 8 గంటల కార్టిసాల్ పరీక్ష తర్వాతే థైరాయిడ్ మాత్ర.

మోతాదు లెక్క, వారాల లెక్క

గ్రంథి పూర్తిగా పనిచేయని మనిషికి రోజుకు కిలో బరువుకు సుమారు 1.6 మైక్రోగ్రాముల లెవోథైరాక్సిన్ కావాలి. 64 కిలోల వ్యక్తికి అది 102, అంటే 100 మైక్రోగ్రాముల మాత్ర. గుండె జబ్బు లేని యువకులకు మొదటి రోజు నుంచే దాదాపు పూర్తి మోతాదు ఇవ్వవచ్చు. అదే 64 కిలోల వ్యక్తికి నడిస్తే ఛాతీ పట్టేసే యాంజైనా ఉంటే, లేదా వయసు 60 దాటి గుండె పరిస్థితి తెలియకపోతే, 12.5 లేదా 25తోనే మొదలుపెట్టాలి.

కారణం సూటిగానే ఉంటుంది. హార్మోన్ లేని గుండె నెమ్మదిగా కొట్టుకుంటూ తక్కువ ఆక్సిజన్‌తో నెట్టుకొస్తుంది. ధమనిలో 70 శాతం పూడిక ఉన్నా ఆ కొద్ది అవసరానికి సరిపోతుంది. మాత్రతో గుండె వేగం, బలం పెరిగితే ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది, కానీ ధమని వెడల్పు పెరగదు. పాత బావికి పెద్ద మోటారు బిగించినట్టు. నీటి ఊట అంతే, తోడే వేగం మాత్రం మారింది.

పెంపు ఒక్కో మెట్టుకు 12.5 నుంచి 25 మైక్రోగ్రాములు, మెట్టుకు మెట్టుకు మధ్య ఆరు నుంచి ఎనిమిది వారాలు. ఈ గడువు డాక్టరు జాగ్రత్త కొద్దీ పెట్టింది కాదు. లెవోథైరాక్సిన్ మాత్రలో ఉండేది టీ4 హార్మోనే, అది రక్తంలో సగానికి తగ్గడానికి సుమారు ఏడు రోజులు పడుతుంది. అందువల్ల కొత్త మోతాదు రక్తంలో నిలకడకు రావడానికే ఐదు వారాలు కావాలి, పిట్యూటరీ దానికి సర్దుకోవడానికి ఇంకాస్త సమయం పడుతుంది. రెండు వారాలకే పరీక్ష చేయిస్తే వచ్చేది పాత మోతాదు, కొత్త మోతాదు కలగలిసిన అంకె. దాన్ని చూసి మందు మార్చితే లెక్క తప్పుతుంది. ఊరు మారినప్పుడల్లా ముందు వారం కొత్త మోతాదు మొదలైన సంగతి తెలియని డాక్టరు మళ్లీ పెంచడం ఇలాగే జరుగుతుంది.

25తో మొదలై 12.5 చొప్పున 100కు చేరాలంటే ఆరు మెట్లు. ఆరు వారాలకొక మెట్టయితే 36 వారాలు, అంటే ఎనిమిది నెలలకు పైనే. మూడో నెలలో నీరసం ఇంకా ఉందంటే మందు పనిచేయడం లేదని అర్థం కాదు, ఇంకా దారిలోనే ఉన్నారని అర్థం. చాలామందికి 100 దాకా అవసరం పడదు కూడా. 70, 80 ఏళ్ల వారికి టీఎస్‌హెచ్ 4 నుంచి 6 మధ్య ఉంటే చాలని అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ 2014 మార్గదర్శకాలు చెబుతాయి.

చిన్న ఊళ్లలో 12.5 మాత్ర దొరకకపోతే 25 మాత్రను సగం చేయవచ్చు, లేదా డాక్టరును అడిగి రోజు విడిచి రోజు 25 వేసుకోవచ్చు. మందు రక్తంలో అంత నిదానంగా తగ్గుతుంది కాబట్టి రెండింటి ఫలితం దాదాపు ఒకటే. కొనేటప్పుడు 25కూ 125కూ తేడా చూసుకోవాలి, ఒక్క అంకె తప్పితే మోతాదు ఐదింతలు. ఒక రోజు మాత్ర మరిచిపోతే కొంప మునగదు. గుండె జబ్బు ఉన్నవారు మరునాడు రెండు కలిపి వేసుకోకూడదు.

పెంచాక విశ్రాంతిలో నాడి 100 దాటినా, క్రమం తప్పినా, మునుపు మేడ ఎక్కితే రాని ఛాతీ బిగువు ఇప్పుడు వస్తున్నా ఆ విషయం వెంటనే డాక్టరుకు చెప్పాలి. అలాంటప్పుడు సాధారణంగా ముందటి మెట్టుకు దిగుతారు, మందు మొత్తం మానేయరు. ఆపై చూడాల్సింది ధమనులను. యాంజైనా స్థిరంగా లేకపోతే ముందు గుండెకు చికిత్స చేస్తారు. థైరాయిడ్ ఓ మోస్తరుగా తక్కువగా ఉన్నంత మాత్రాన స్టెంట్ గానీ బైపాస్ గానీ వాయిదా వేయాల్సిన పని సాధారణంగా ఉండదు.

మరో వైపు తప్పు గురించి తక్కువగా మాట్లాడతారు. 'గుండె మనిషి, 25 చాలు' అని ఏళ్ల తరబడి అక్కడే వదిలేస్తే టీఎస్‌హెచ్ 20, 30 దగ్గర నిలిచిపోతుంది, కొలెస్ట్రాల్ పెరుగుతూ ధమని మరింత పూడుతుంది. భయం అర్థం చేసుకోదగినదే, కానీ అది చికిత్స కాదు.

వేగంగా పనిచేస్తుందని టీ3 మాత్రల గురించి, జంతు గ్రంథుల పొడి గురించి అక్కడక్కడా ప్రచారం కనిపిస్తుంది. టీ3 కొన్ని గంటల్లోనే రక్తంలో శిఖరానికి చేరి పడిపోతుంది. ఆ ఎగుడుదిగుడు గుండె రోగికి పనికిరాదు.

అంబలి, టీ, కాల్షియం

మాత్ర పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, తిండికి ముందు అరగంట నుంచి గంట ఆగాలి. కాఫీ, టీ కూడా ఆ తర్వాతే. ఈ ప్రాంతంలో పొద్దున్నే చోడి (రాగి) అంబలి తాగే అలవాటు ఉంది. 100 గ్రాముల చోళ్లలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, పీచు కూడా ఎక్కువే. మాత్రను అంబలితో కలిపి మింగితే పేగులోకి ఎక్కే మందు తగ్గుతుంది. అంబలి మానాల్సిన పని లేదు, గంట తర్వాత తాగితే సరి. పొలం పనికి తెల్లవారకముందే వెళ్లేవారికి రాత్రి పడుకునేముందు, తిన్న మూడు గంటల తర్వాత వేసుకోవడం సులువు. ఏ వేళ ఎంచుకున్నా రోజూ అదే వేళ ఉండాలి.

కాల్షియం, ఐరన్ మాత్రలకు, గ్యాస్ కోసం తాగే యాంటాసిడ్ మందులకు నాలుగు గంటల ఎడం ఉండాలి. ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ రోజూ వాడేవారికి కడుపులో ఆమ్లం తగ్గి థైరాక్సిన్ సరిగా కరగదు, మోతాదు పెంచాల్సి రావచ్చు. స్టెంట్ వేయించుకున్నవారికి రక్తం పలచబరిచే మందులతో పాటు గ్యాస్ మాత్ర ఎలాగూ రాస్తారు. దాన్ని మధ్యలో ఆపేస్తే అదే థైరాయిడ్ మోతాదు హఠాత్తుగా ఎక్కువై దడ పుట్టించగలదు.

లెవోథైరాక్సిన్ వేడికి, తేమకు, వెలుతురుకు చెడుతుంది. పొయ్యి పక్క అల్మరాలో, రేకుల ఇంటి కిటికీ మీద మే నెలంతా ఉంచిన సీసాలో మందు బలం తగ్గిపోతుంది. మాత్రలను కాగితంలో పొట్లం కట్టుకోకుండా వచ్చిన సీసాలోనే, ఇంట్లో చల్లని గదిలో ఉంచాలి. థైరోనార్మ్, ఎల్ట్రాక్సిన్, థైరాక్స్ లాంటి బ్రాండ్ పేర్లలో ఒకదానికి అలవాటు పడితే దానితోనే కొనసాగడం మేలు. మార్చితే ఆరు వారాలకు టీఎస్‌హెచ్ మళ్లీ చూడాలి. పరీక్ష రోజున రక్తం ఇచ్చాకే మాత్ర వేసుకోవాలి, వేసుకున్నాక కొన్ని గంటల పాటు ఫ్రీ టీ4 పైకి లేచి కనిపిస్తుంది.

గుండె మందులతో పొత్తు

థైరాయిడ్ సర్దుకుంటున్న కొద్దీ మిగతా మందుల లెక్కలు కదులుతాయి. రక్తం పలచబరిచే వార్ఫరిన్ వాడేవారికి గడ్డకట్టించే పదార్థాలు వేగంగా ఖర్చయి ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చెప్పే పరీక్ష) పెరుగుతుంది, రక్తస్రావం ముప్పు ఉంటుంది. ప్రతి మెట్టు దగ్గరా ఐఎన్ఆర్ చూడాలి. గుండెకు వాడే డిగాక్సిన్, షుగరుకు వాడే ఇన్సులిన్ అవసరం పెరగవచ్చు. అటెనొలాల్, మెటోప్రొలాల్ లాంటివి ఇప్పటికే నెమ్మదించిన నాడిని ఇంకా తగ్గిస్తాయి. థైరాయిడ్ సరిచేయకుండా కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ పెద్ద మోతాదులో మొదలుపెడితే కండరాల నొప్పి, కండర నష్టం రావచ్చు. కొలెస్ట్రాల్ మందు రాసేముందు ఒక టీఎస్‌హెచ్ తప్పనిసరి అనడం అందుకే.

గుండె లయ తప్పినప్పుడు ఇచ్చే అమియోడరోన్ ప్రత్యేకం. దాని బరువులో 37 శాతం అయోడినే. 200 మిల్లీగ్రాముల మాత్రలో సుమారు 75 మిల్లీగ్రాముల అయోడిన్ ఉంటుంది, మనిషికి రోజుకు కావాల్సింది 150 మైక్రోగ్రాములు. అది థైరాయిడ్‌ను తగ్గించగలదు, పెంచగలదు. మొదలుపెట్టే ముందూ, తర్వాత ఆరు నెలలకోసారీ పరీక్ష అవసరం. యాంజియోగ్రామ్ రంగులోనూ అయోడిన్ చాలా ఉంటుంది. థైరాయిడ్ ఇబ్బంది ఉన్నవారు ఆ తర్వాత ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ చూపించుకుంటే మంచిది.

ఉప్పు మాట

గంజాం తీరంలోనూ, సరిహద్దు ఇవతల నౌపడలోనూ ఉప్పుమడులున్నాయి. విడిగా దొరికే గళ్ల ఉప్పులో అయోడిన్ ఉంటుందన్న భరోసా లేదు. అయోడిన్ కలపని ఉప్పును తిండికి అమ్మడం మీద 2006 నుంచి దేశమంతటా నిషేధం ఉంది. కుటుంబానికి అయోడిన్ ఉప్పు వాడడం అవసరమే, ముఖ్యంగా గర్భిణులకు. హషిమోటో వల్ల గ్రంథి దెబ్బతిన్న పెద్దలకు మాత్రం అదనపు అయోడిన్ వైద్యం కాదు, ఒక్కోసారి గ్రంథిని ఇంకా అణిచేస్తుంది. థైరాయిడ్‌ను అణుస్తాయని చెప్పే క్యాబేజీ, వెదురు కొమ్ములు కూడా బాగా ఉడికించి తింటే మానేయాల్సిన పని లేదు.

చేతిలో ఉండాల్సిన కాగితం

ఊరు మారినా మారని ఒక కాగితం రోగి దగ్గరే ఉండాలి. మోతాదు మారిన తేదీ, కొత్త మోతాదు, బ్రాండ్ పేరు, టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4, పొద్దున లేవగానే నిమిషం పాటు లెక్కపెట్టిన నాడి, బీపీ, మిగతా మందులు అందులో రాయాలి. ఇది చూడకుండా మోతాదు మార్చవద్దని డాక్టరును అడగడంలో తప్పేమీ లేదు.

ఆగకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. కూర్చున్నా తగ్గని ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం, పడుకుంటే ఊపిరి ఆడకపోవడం ఉంటే రెండు రాష్ట్రాల్లోనూ 108కే ఫోన్ చేయాలి. కొరాపుట్ కొండల మీద చలికాలంలో, మాత్ర మానేసిన ముసలివారు జ్వరమో కఫమో తగిలాక మత్తుగా, మాట ముద్దగా, ఒళ్లు చల్లబడి 35 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువకు దిగితే అది నిద్రమత్తు కాదు. దుప్పటి కప్పి వెచ్చగా ఉంచవచ్చు గానీ నిప్పుల కుంపటి పక్కన పెట్టి ఒళ్లు కాచకూడదు, చర్మంలోని నాళాలు ఒక్కసారిగా విచ్చుకుని బీపీ పడిపోతుంది. నోట్లో మాత్రలు వేయకుండా, పాత చీటీతో సహా పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి.